నాలుగో తరగతి పిల్లలకు మాంసం సంగతి ఎంతవరకు చెప్పొచ్చు?

బడిపంతులమ్మ

నమస్తే అండీ అందరికీ. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి ఈవీఎస్ చెప్తాను. పోయిన వారం పెంపుడు జంతువుల పాఠం మొదలుపెట్టి, ఎప్పటిలాగే బోర్డు మీద రెండు వరుసలు గీసి, ఒకవైపు జంతువు పేరు, ఇంకోవైపు అది మనకు ఏం ఇస్తుందో రాయిస్తున్నాను. ఆవు – పాలు, కోడి – గుడ్లు, గొర్రె – ఉన్ని, ఎద్దు – దుక్కి. వెనక బెంచీలోంచి ఒకడు లేచి "టీచర్, మరి మటన్ ఏది ఇస్తది?" అన్నాడు. మేక అని ఒకడు, కాదు గొర్రె అని ఇంకొకడు, వాడు ఆదివారం వాళ్ల నాన్నతో షాపుకు పోయి చూశాడట. "ఇచ్చుడు కాదురా, కోస్తరు" అని ఒకమ్మాయి అనేసింది. ఇక చూడండి గోల.

ఒక పాప అప్పుడే కోడిపిల్లకు పసుపు రంగు వేసి నాకు చూపించి వెళ్లింది. ఆ పిల్లకు అప్పటిదాకా ఇంట్లో వండే చికెన్, తను రంగేసిన కోడిపిల్ల ఒకటేనని తట్టలేదు. ఏడ్చింది, ఇంటికెళ్లి కూర ముట్టలేదట, పొద్దున్నే వాళ్లమ్మ ఫోను. ప్రిన్సిపల్ గారేమో "సిలబస్‌లో ఉన్నంతవరకే చెప్పండి మేడమ్, పేరెంట్స్‌తో మనకెందుకు తలనొప్పి" అంటున్నారు.

నా క్లాసులో అన్ని రకాల ఇళ్ల పిల్లలూ ఉన్నారు. గుడ్డు కూడా ముట్టని వాళ్లున్నారు, హలాల్ అయితేనే తినేవాళ్లున్నారు, శనివారం, కార్తీకమాసం పట్టింపు ఉన్నవాళ్లున్నారు. ఒకబ్బాయి వాళ్ల నాన్నకు మటన్ షాపుంది. ఆ గోలంతా జరుగుతున్నంతసేపు వాడు తలెత్తలేదు. నాకు ఆ పాప ఏడుపు కంటే వీడి మౌనమే ఎక్కువ గుచ్చుకుంది.

గొర్రె ఉన్ని ఇస్తుంది అని రాయించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని తొమ్మిదేళ్ల పిల్లలకు కబేళా వీడియో చూపించే తెగింపూ లేదు. ఎక్కడిదాకా వెళ్లి ఆగాలి? సంక్రాంతి సెలవుల తర్వాత ఏదైనా ఫారానికి తీసుకెళ్దామని కూడా ఉంది. తినండి, మానేయండి అనే సలహాలు మాత్రం వద్దు బాబూ, ఆ గొడవ ఇక్కడ రోజూ ఉన్నదే.

గొర్రెల డాక్టరు

మేడమ్, ముందు మీ బోర్డు మీది గొర్రె – ఉన్ని దగ్గర ఆగుదాం, ఆ పిల్లాడి ప్రశ్న పుట్టిందే అక్కడ. మన రోడ్ల మీద కనపడే మందల్లో చాలావరకు నెల్లూరు జాతివో, దాంతో కలిసినవో ఉంటాయి. వాటికి ఉన్ని ఉండదు. మేకకు ఉన్నట్టు పొట్టి వెంట్రుకలే. ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, తెల్లటి ఒంటికి మొహం మీద నల్ల మచ్చలుంటే జోడిపి, గోధుమ ఎరుపు అయితే దొర. వీటిని పెంచేది మాంసానికే. ఉన్ని వచ్చేది దక్కనీ గొర్రెకు, ఎక్కువగా నల్లగా ఉంటుంది, ఆ ఉన్ని ముతక, కురుమలు దాన్ని కత్తిరించి గొంగళ్లు నేస్తారు. గొంగడి కొనేవాళ్లు తగ్గారు, నెల్లూరు పొట్టేలును మందలో వదిలితే పిల్లలు తొందరగా బరువొస్తాయి, అందుకని అసలు దక్కనీ మందలే పలచబడ్డాయి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, సుమారు కోటీ 90 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్, కోటీ 76 లక్షలు. ఇన్ని గొర్రెలూ స్వెట్టర్ల కోసమేనా? ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాల్లోని తెల్ల బొచ్చు గొర్రెను చూసి మనవాళ్లు పాఠం రాశారేమోనని నాకు మొదట్నుంచీ అనుమానం.

ఇక ఎలా చెప్పాలంటారా, పుట్టుక దగ్గర మొదలుపెట్టండి. గొర్రె ఐదు నెలలు మోసి ఒకటో రెండో పిల్లల్ని ఈనుతుంది. ఆడపిల్లను మందలో ఉంచుకుంటారు, అది పెరిగి మళ్లీ ఈనుతుంది. మగపిల్లల్లో విత్తనానికి ఒకటో రెండో చాలు, మిగతావాటిని ఎక్కువగా ఏడాదిలోపే అమ్మేస్తారు. మాంసమంటే ఆ మగపిల్లలే అన్నమాట. అది అర్థమైతే పిల్లలకు మంద ఎందుకు తరిగిపోదో కూడా అర్థమవుతుంది. 20 కిలోల పొట్టేలును కోస్తే మాంసం పది కిలోలకు కాస్త అటూ ఇటూ వస్తుంది, మిగతాది తోలు, పేగులు, రక్తం, తల, కాళ్లు. ఇది లెక్కల పీరియడ్‌కు కూడా పనికొస్తుంది.

"దానికి నొప్పి వేస్తుందా" అని తప్పకుండా అడుగుతారు. వేస్తుంది అనే చెప్పండి. అందుకే పెద్దవాళ్లు కొన్ని నిబంధనలు పెట్టుకున్నారని చెప్పండి. 2001లో కేంద్రం తెచ్చిన కబేళా నిబంధనల ప్రకారం చూడి జీవాన్ని కోయకూడదు, మూడు నెలలు నిండని పిల్లను కోయకూడదు, డాక్టరు పరీక్ష చేసి సరే అనాలి, ఒకదాని కళ్లముందు ఇంకోదాన్ని కోయకూడదు. ఆ ఆఖరిది చెప్తే పిల్లలు భలే శ్రద్ధగా వింటారు. అన్నిచోట్లా ఇవి అమలవుతున్నాయా అంటే నా నోటితో నేనేం చెప్పను, గల్లీ షాపుల సంగతి మీకూ తెలుసు. ఆ చర్చ తొమ్మిదో తరగతికి పెట్టుకోవచ్చు.

చింతచెట్టు కింద

ఇదంతా అవసరమా అసలు? మా చిన్నప్పుడు ఎవరు చెప్పారు మాకు. పండగ ముందు రోజు కోడిని గంప కింద పెట్టేవాళ్లు, తెల్లారితే పులుసులో ఉండేది. తెలుసుకున్నాం, తిన్నాం, పడుకున్నాం.

మందకాడి మాస్టారు

చింతచెట్టు అన్నా, నీకు గంప ఉంది కాబట్టి తెలిసింది. మేడమ్ క్లాసు పిల్లలకు గంప ఎక్కడిది, మూడో అంతస్తు ఫ్లాటు.

నేను పాలమూరు జిల్లాలో సర్కారు బడిలో చేస్తాను. మాది గొల్లల ఇల్లే. మా బడిలో ఈ ప్రశ్నే రాదు, పిల్లలే నాకు పాఠం చెప్తారు. సంతకు పొట్టేలును తీసుకపోతే కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు, తర్వాత నడుము మీద వెన్నుబొక్క పక్కన బొటనవేలితో నొక్కి పట్టి చూస్తాడు. వేలికి బొక్క గుచ్చుకుంటే కండ లేదని అర్థం, బేరం అక్కడ్నే పడిపోతుంది. మా నాలుగో తరగతి పిల్లగాడు ఒకడు నాకు తన సొంత మోకాలు, పిక్క పట్టి చూపించి తేడా చెప్పిండు. ఇది ఏ పుస్తకంలో ఉంటది చెప్పండి.

ఒక సంగతి మాత్రం చెప్పాలి, పల్లె పిల్లలకు బాధ ఉండదనుకోవద్దు. తల్లి చనిపోయిన గొర్రెపిల్లకు సీసా పాలు పట్టి పెంచిన పిల్ల, దాన్ని అమ్మిన రోజు అన్నం తినదు. మా నాయన అట్లాంటి గొర్రెపిల్లలకు పేరు పెట్టనిచ్చేవాడు కాదు. కానీ ఎల్లమ్మ పండుగకు యాటను కోస్తే ఆ పిల్లలే ముందు వరుసలో కూర్చుని తింటరు. రెండూ నిజమే, వాళ్లకు ఆ రెండింటి మధ్య పంచాయితీ లేదు. మీ క్లాసు పాప ఏడ్చిందంటే ఏదో అనర్థం జరిగిపోయిందని టెన్షన్ పడకండి. నాలుగు రోజులకు తింటుందో, తినడమే మానేస్తుందో, అది ఆ ఇంటి సంగతి.

ఇంకోటి, ఈ విషయం దాచి పెట్టాల్సినంత చిన్న సంగతి కాదు. 2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. ఏపీ కూడా ఇంచుమించు అంతే. ఇంతమంది తినేదాని గురించి పాఠంలో ఒక్క ముక్క ఉండదు, పట్టుపురుగు గురించి మాత్రం బొమ్మలతో సహా ఉంటది.

వీలైతే ఒక గొర్రెల కాపరిని క్లాసుకే పిలిపించండి, రెండు జీవాలను కూడా తెమ్మనండి, ఒక గొర్రె, ఒక మేక. తోక కిందికి వేలాడితే గొర్రె, పైకి లేచి ఉంటే మేక. మీ పిల్లల పంచాయితీ అక్కడ్నే తెగుతది.

ఇద్దరు పిల్లల తల్లి

మేము శాకాహారులం, కాబట్టి నా మాట కాస్త వేరుగా ఉంటుంది, తిట్టుకోకండి.

చెప్పొద్దని అనను. కానీ చెప్పే ముందు రోజు డైరీలో ఒక ముక్క రాసి పంపండి మేడమ్. పిల్ల ఇంటికొచ్చి అడిగితే జవాబు చెప్పడానికి మేమూ సిద్ధంగా ఉండాలి కదా. ఆ పాప వాళ్లమ్మకు కోపం వచ్చింది ఏడుపు వల్ల కాదు, ఏం జరిగిందో తెలియక అయ్యుంటుంది. వీడియోలు, ఫోటోలు అసలు వద్దు, ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. మాట ద్వారా విన్నది పిల్లలు తమకు తట్టుకోగలిగినంతే ఊహించుకుంటారు, తెర మీద చూసింది అలా తగ్గించుకోలేరు.

ఇంకొకటి, ఇది మావైపు నుంచి. మావాడు రెండో తరగతిలో పక్కవాడి బాక్సులో ఉడకబెట్టిన గుడ్డు చూసి ఛీ అన్నాడని టీచర్ చెప్పింది. ఇంట్లో కూర్చోబెట్టి గట్టిగానే చెప్పాను. మనం తినకపోవడం మన ఇష్టం, వాడి బాక్సు మీద నీకేం హక్కు అని. ఈ పాఠం చెప్పేటప్పుడు తినని పిల్లలకు తాము ఏదో గొప్ప అన్న భావం రాకుండా చూడండి, తినే పిల్లలు వీళ్లను పప్పుగాళ్లని ఆటపట్టించకుండా కూడా.

గొర్రెల డాక్టరు

@ఇద్దరు పిల్లల తల్లి, డైరీలో రాయమన్నది బంగారం లాంటి సలహా. కానీ పాల దగ్గర కూడా కాస్త ఆగాలండి. గేదె పాలివ్వాలంటే ఈనాలి, ఈనితే సగం సార్లు దున్నపిల్ల పుడుతుంది. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు, బండికి ఆటో ఉంది. ఆ మగదూడకు పాలు మిగిల్చి పెంచే ఓపిక చిన్న రైతుకు లేదు. దాని గతి ఏమవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. పెద్ద పిల్లలు అడిగితే పాలు ఒక ఖానా, మాంసం ఇంకో ఖానా అని విడగొట్టి చెప్పకండి, రెండూ ఒకే కొట్టంలోంచి వస్తాయి. నాలుగో తరగతికి ఇదంతా చెప్పమనడం లేదు లెండి.

గుడ్డు గురించి కూడా ఒక మాట. "గుడ్డులో పిల్ల ఉంటుందా, అది చచ్చిపోతుందా" అని ప్రతి బడిలోనూ అడుగుతారు. షాపులో కొనే తెల్లగుడ్డు లేయర్ ఫారానిది, అంటే గుడ్ల కోసమే పెట్టల్ని పెంచే ఫారానిది, ఆ షెడ్లలో పుంజులే ఉండవు, కాబట్టి ఆ గుడ్డు పొదిగినా పిల్ల కాదు. ఈ ఒక్క మాటతో చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు.

మటన్ షాపు వాళ్లమ్మాయి

ఎప్పుడూ చదవడమే తప్ప ఇక్కడ ఏమీ రాయను. ఆ తలెత్తని అబ్బాయి గురించి చదివాక రాయాలనిపించింది.

మా నాన్నది మటన్ షాపు. స్కూల్లో నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను, మీరే ఊహించుకోండి. మాంసం తినే ఇళ్ల పిల్లలే పెట్టారు, అదే విచిత్రం. ఆదివారం మా నాన్న దగ్గర లైన్లో నిలబడి "తొడ వేయన్నా, నల్లి బొక్క రెండు వేయన్నా, కార్జం ఉందా" అని బతిమాలేవాళ్లు, సోమవారం వాళ్ల పిల్లలు నా పక్కన కూర్చోరు.

మేడమ్, మీరు దయచేసి వాణ్ణి క్లాసులో లేపి "మీ నాన్న ఏం చేస్తారో చెప్పు" అనకండి. మంచి ఉద్దేశంతోనే మా టీచరొకావిడ అలా అడిగింది, ఆ వారమంతా కడుపునొప్పి అని స్కూలు ఎగ్గొట్టాను. ముందు వాళ్ల నాన్నను విడిగా అడగండి. ఆయన ఒప్పుకుంటే ఆయన్నే రమ్మనండి. ఆయనకు తెలిసినంత ఈ పాఠంలో ఎవరికీ తెలియదు. మా నాన్న రాత్రి మూడింటికి లేచి జియాగూడ గొర్రెల మండికి పోయేవాడు. జీవం కళ్లు, ముక్కు చూసి జ్వరం ఉందో లేదో చెప్పేవాడు, దగ్గే దాన్ని ఎంత తక్కువకిచ్చినా తెచ్చేవాడు కాదు. కోసినాక తోక దగ్గర కాస్త వెంట్రుకలు వదిలేసేవాడు, మేకో గొర్రో అడిగినవాళ్లకు చూపించడానికి. ఏదీ పారేసేవాడు కాదు. తలకాయ ఒకరికి, కాళ్లు పాయాకు, బోటీ ఒకరికి, నల్ల (రక్తం) ఒకరికి, తోలు మండి వాడికి. కత్తి ఎప్పుడూ మేమెవరం ముట్టుకోకూడదు, రాయి మీద నూరే పని మాత్రం ఆయనే చేసుకునేవాడు, మొద్దుకత్తితో కోస్తే పాపం తగులుతుందనేవాడు.

ఇవి చెప్తే పిల్లలు ఛీ అనరు. వాళ్లకు పనితనం అంటే గౌరవం ఉంటుంది. మనమే ముందు మొహం ముడుచుకుంటాం, వాళ్లు మనల్ని చూసి నేర్చుకుంటారు.

బ్రాయిలర్ రైతు, సిద్దిపేట

మేడమ్ ఫారం చూపిస్తానంటున్నారు కదా, చికెన్ గురించి నేను చెప్తా. మాది కంపెనీ వాళ్లతో కాంట్రాక్టు. పిల్ల, దాణా, మందులు వాళ్లవి, షెడ్డు, కరెంటు, కష్టం మావి, బతికిన కోళ్ల బరువును బట్టి కిలోకు ఇంత అని ఇస్తారు. దిగిన రోజు పిల్ల 40 గ్రాములుంటది. అటూ ఇటూ ఆరు వారాలకు రెండు కిలోలు దాటుతది. మీ పాప రంగేసిన పసుపు పిల్ల మా దగ్గర నిజంగానే ఉంటది, కానీ పది రోజులకే తెల్ల ఈకలు వచ్చేస్తయి.

పిల్లలు, పెద్దలు అందరూ అడిగేది ఒకటే, ఇంజెక్షన్ పొడిచి పెంచుతరు కదా అని. వేల కోళ్లకు రోజూ ఎవడు పొడుస్తడు సార్? పెరుగుదలకు హార్మోన్ ఇంజెక్షన్ అనేది ఉత్త పుకారు. ఆ జాతినే అట్లా ఎంపిక చేసి తయారు చేసిండ్రు, పైగా మక్క, సోయా దాణా. కొక్కెర తెగులుకు, గంబోరోకు టీకా వేస్తం, అది వేరే. అయితే అంత బరువు తొందరగా రావడంతో కొన్నిటికి కాళ్లు ఆగవు, ఎండాకాలం వేడికి గుండె ఆగి పడిపోతయి. మే నెలలో మధ్యాహ్నం నేను అన్నం తినేది షెడ్డులోనే, షెడ్డును చల్లబరిచే నీళ్ల ఫాగర్లు ఆగినయా అని చూసుకుంటూ. ఇది కూడా చెప్పండి పిల్లలకు, కోడి పెంచుడంటే గింజలు చల్లి బా బా అనుడు కాదు.

ఇప్పుడు అసలు మాట. నలభై మంది పిల్లల్ని షెడ్డు లోపలికి ఏ రైతూ రానియ్యడు, రానియ్యకూడదు కూడా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను పూడ్చిపెట్టినప్పటి నుంచి మేం ఇంకా గట్టిగ ఉన్నం. బయట జాలీ దగ్గర నిలబడి చూడొచ్చు, బాగానే కనపడతయి. పొద్దున్నే రండి, అప్పుడు మేత దగ్గర గుంపుగ ఉంటయి. లోడింగ్ రోజు మాత్రం తీసుకరాకండి, రాత్రిపూట కాళ్లు పట్టి క్రేట్లలో నింపుడు పిల్లలు చూసే పని కాదు. ఉదయం వేరే ఫారానికి పోయి అట్నుంచి అటే మా దగ్గరికి రావద్దు, ఒక్క రోజు ఒక్క ఫారమే.

బడిపంతులమ్మ

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ప్రిన్సిపల్ గారికి డైరీ నోట్ సంగతి చెప్తే కాస్త మెత్తబడ్డారు, "రాసింది నాకు చూపించి పంపండి" అన్నారు. ముందు గొర్రె, మేకతోనే మొదలుపెడతాను, బోర్డు మీద ఉన్ని పక్కన మాంసం అని కూడా రాయిస్తాను. కోత గురించి అడిగినవాళ్లకు అడిగినంతే చెప్తాను. ఆ అబ్బాయి వాళ్ల నాన్నను శనివారం సాయంత్రం షాపు దగ్గరే కలుస్తాను, ఆయన వద్దంటే అక్కడితో ఆపేస్తాను, వాడి పేరు ఎక్కడా ఎత్తను.

ఇంకో ఆలోచన వచ్చింది. కొంతమంది టీచర్లు క్లాసులో చిన్న ఇంక్యుబేటర్ పెట్టి గుడ్లు పొదిగిస్తారట, 21 రోజులకు పిల్లలు వస్తాయి, చీకట్లో లైటు పెట్టి లోపల రక్తనాళాలు చూపించొచ్చు. చేయొచ్చా?

గొర్రెల డాక్టరు

చేయొచ్చు, కానీ 22వ రోజు ఆ పిల్లలు ఎవరింటికి పోతాయో ముందే తేలాలి. ఈ ప్రయోగం చేసినవాళ్లలో సగం మంది ఆ పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి ఆయాకు ఇచ్చేస్తారు, ఫ్లాటుకు తీసుకెళ్లినవి పిల్లుల పాలవుతాయి. వాటిలో సగం పుంజులు, పెరిగాక తెల్లారకముందే కూత మొదలుపెడితే అపార్టుమెంటు వాళ్లు ఊరుకోరు, చివరకు ఎవరో ఒకరు కూర చేసుకుంటారు, అప్పుడు మీ క్లాసుకు మళ్లీ మొదటి రోజే. పల్లెలో పెరట్లో కోళ్లు పెంచే ఇల్లు ఏదైనా ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. గుడ్లు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా లాంటి పెరటి కోళ్ల రకానివైతే మంచిది, దొరుకుతాయేమో అక్కడే అడగండి. షాపు గుడ్లు తెచ్చి పెట్టకండి, 21 రోజుల తర్వాత వాసన తప్ప ఏమీ రాదు.

మందకాడి మాస్టారు

మేడమ్, ఆ కోడిపిల్లల్ని మా ఊరికి పంపండి, తీసుకుంటాం. కానీ మీ పిల్లలు దసరాకు ఫోన్ చేసి మా కోళ్లు ఎట్లున్నయని అడిగితే నేను ఉన్నదే చెప్తా, అబద్ధం ఆడను. దానికి మీరు ఒప్పుకుంటేనే.

బడిపంతులమ్మ

ఒప్పుకున్నాను మాస్టారూ. డైరీ నోట్‌లో ఆ మాట కూడా రాస్తాను.